బొమ్మ గీసినాయన పేరు ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో వెనక పేజీ నిండా అమెరికా మార్వెల్ కామిక్స్ వాళ్ళ నలుగురు సూపర్‌హీరోలు, అదే ఫెంటాస్టిక్ ఫోర్ గురించి వేశారు చూడండి, ఆ వ్యాసం గురించే ఈ ఉత్తరం. ముందు సంతోషించానండి, అబద్ధమెందుకు. మన తెలుగు పేపర్లో ఆ నలుగురి బొమ్మ అంత పెద్దగా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు, కాఫీ పక్కన పెట్టి మరీ చదివాను. చదవడం అయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ వ్యాసం మొత్తంలో ఆ కామిక్స్ రచయిత, ఎడిటర్ స్టాన్ లీ పేరు ఎనిమిది సార్లు వచ్చింది, పెన్సిల్‌తో గీతలు గీసి లెక్కపెట్టాను. ఆయన సృష్టించాడు, ఆయనకి ఐడియా వచ్చింది, ఆయన కలం నుంచి పుట్టారు, ఇలాగన్నమాట. కిర్బీ అన్న మాట ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ 2025లో వచ్చిన సినిమాలో ఆ నలుగురిలో ఒకరైన సూ వేషం వేసిన వెనెస్సా కిర్బీ ఇంటిపేరుగా! ఆవిడకీ నేను చెప్పబోయే ఆయనకీ చుట్టరికం ఏమీ లేదు. నేను చెప్పేది జాక్ కిర్బీ గురించి, ఆ నలుగురి ముఖాలూ ఆయన చేతిలోంచి వచ్చాయి. మీరు పేజీ మధ్యలో వేసుకున్న పాత కామిక్ బొమ్మ కూడా ఆయనదే, దాని కింద కూడా పేరు లేదు.

ఇంత చిన్నదానికి ఇంత పెద్ద ఉత్తరమా అంటారేమో, నా బాధ వేరే ఉందిలెండి. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషిని. డ్రాయింగ్ షీటుకి కుడిపక్క కింద మూలన టైటిల్ బ్లాక్ అని ఉంటుంది, అందులో డ్రాన్ బై, చెక్డ్ బై, అప్రూవ్డ్ బై అని మూడు చిన్న గళ్ళు ఉంటాయి, నా జీవితమంతా ఆ మొదటి గడిలోనే గడిచిపోయింది. ఒకసారి ఒక బ్రిడ్జి డ్రాయింగు, ఎక్కడ ఏ ఆఫీసు అన్నది వదిలేయండి, రెండు నెలలు నడుం విరిగేలా వంగి గీశాను, ట్రేసింగ్ పేపర్ మీద రోట్రింగ్ పెన్నుతో, ఒక్క చోట ఇంకు జారితే బ్లేడుతో గీకి మళ్ళీ గీయాలి, అలాంటి రోజులు. ఓపెనింగ్ రోజున ఆ డ్రాయింగ్ ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు, దగ్గరికెళ్ళి చూస్తే అప్రూవ్డ్ బైలో పెద్దసారు సంతకం ధగధగా ఉంది, డ్రాన్ బై గడి ఖాళీ, ఎవరో ఫెయిర్ కాపీ తీసేటప్పుడు వదిలేశారు. ఎవర్నీ ఏమీ అన్లేదు నేను, కానీ ఇప్పటికీ ఏ బొమ్మ చూసినా ముందు కళ్ళు కింద మూలకే పోతాయి.

ఆ నలుగురితో నా పరిచయం ఎలాగంటే, టెన్త్ పరీక్షలైపోయిన సెలవుల్లో మా విజయవాడ ఏలూరు రోడ్డు మీద పాత పుస్తకాల కుప్పలో వాళ్ళ కామిక్ ఒకటి దొరికింది, అట్ట లేదు, మొదటి పేజీకి ఒక మూల ఎలకలు కొరికేశాయి, రూపాయిన్నర. తెలుగు మీడియం వాణ్ణి, ఇంగ్లీషంటే కవర్ మీద అడ్రస్ రాయడం వరకే వచ్చు. బుడగల్లో ఏం రాసుందో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఆ కథ మొత్తం చదివేశాను. ఇది జాగ్రత్తగా వినండి, చదివేశాను అంటున్నాను, బొమ్మలు చూశాను అనట్లేదు.

మొదటి పేజీలో వాన. నిండు పేజీ ఒకటే బొమ్మ. ఇటుకలు పేర్చినట్టు ఒళ్ళంతా రాళ్ళు తేలిన ఒక భారీ ఆకారం వీధిలో నిలబడి ఉంది, గొడుగు లేదు, దాక్కునే ప్రయత్నం లేదు, భుజాలు జారిపోయి ఉన్నాయి, కళ్ళు మాత్రం మనిషి కళ్ళు. మా వీధి చివర ఒకాయన ఉండేవాడు, ఇంట్లో గొడవైనప్పుడల్లా వానలో అలాగే నిలబడేవాడు, ఎవరు పిలిచినా లోపలికొచ్చేవాడు కాదు. నాకు వెంటనే ఆయన గుర్తొచ్చాడు. ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి సత్యనారాయణపురం! ఆ పేజీ గీసినవాడికి మనిషి అవమానం తెలుసు అని ఆ వయసులో నాకు మాటల్లో చెప్పడం రాలేదు గానీ కడుపులో మాత్రం తెలిసింది.

అది ఫెంటాస్టిక్ ఫోర్ 51వ సంచిక అనీ, 1966 జూన్‌దనీ, నాకు దొరికింది దాని రీప్రింటనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కథ ఏంటంటే, పేరు కూడా చెప్పని ఒక సైంటిస్టు, ఆ నలుగురి నాయకుడు రీడ్ రిచర్డ్స్‌కి వచ్చిన పేరుప్రతిష్టలు తనకి రాలేదని కుళ్ళు, ఆ రాళ్ళ ఒంటి మనిషి బెన్‌ని ఇంటికి పిలిచి కాఫీలో మత్తుమందు కలిపి ఇచ్చి, బెన్ రూపం, బలం తను లాగేసుకుంటాడు. బెన్ మామూలు మనిషి అయిపోతాడు. ఆ దొంగ బెన్ వెళ్ళి రీడ్‌ని చంపాలని కాచుకుంటాడు, తీరా రీడ్ తాడు కట్టుకుని వేరే లోకంలోకి దిగి, అక్కడ ప్రాణం మీదకొస్తే, ఈ కుళ్ళుమోతోడు దగ్గర్నుంచి ఆయన్ని చూసి, ఇంత మంచోడా వీడు అని సిగ్గుపడి, తను దూకి ఆయన్ని బయటికి విసిరేసి తను అక్కడే పోతాడు. సరిగ్గా అప్పుడే అసలు బెన్, ఇన్నాళ్ళకి మనిషి ముఖంతో తను ప్రేమించిన అలీసియా గుమ్మం దాకా వెళ్ళి, ఆ గుమ్మం ముందే మళ్ళీ రాయి అయిపోతాడు. ఏం చేస్తాడు, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు. నేను అప్పట్లో ఇద్దరు బెన్‌లూ కవలలు అనుకున్నానులెండి, మన సినిమాల్లో డబుల్ యాక్షన్ చూసి పెరిగిన బుర్ర కదా, ఆ ఒక్కటీ తప్పిస్తే మిగతాదంతా కరెక్టుగానే అర్థమైంది. ఇంగ్లీషు రాని పిల్లాడికి బొమ్మల్తోనే త్యాగం అంటే ఏంటో అర్థమయ్యేలా చెప్పినాయన్ని పట్టుకుని మీ వ్యాసం పేరు కూడా చెప్పకపోతే ఎలాగండీ.

ఇంకో మాట, మీ వ్యాసంలో బెన్ గ్రిమ్‌ని "బలం తప్ప బుర్ర లేని రాతిమనిషి" అని రాశారు. రాసినాయన మొదటి సంచిక చూడలేదని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోయింది. మొదటి సంచిక 1961 ఆగస్టులో అమ్మకానికొచ్చింది, అట్ట మీద నెల మాత్రం నవంబర్ అని ఉంటుంది, వెల 10 సెంట్లు. దానికి నాలుగు నెలల ముందే, ఏప్రిల్ 12న, రష్యా వాళ్ళ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళొచ్చాడు, మే 5న అమెరికా వాళ్ళ షెపర్డ్ పైకెళ్ళి పావుగంటలో దిగాడు. అమెరికాకి అప్పుడు తలకొట్టేసినట్టుంది, ఆ వేడిలో పుట్టిన కథ ఇది. రీడ్ రాకెట్ తయారు చేశాడు, పర్మిషన్ లేకుండా దొంగతనంగా ఎక్కేసి ఎగిరిపోదాం అంటాడు. ఆ నలుగురిలో వద్దు అన్నవాడు ఒక్కడే, బెన్. కాస్మిక్ కిరణాలు తట్టుకునే ఏర్పాటు మన రాకెట్‌లో సరిగ్గా లేదు, చస్తాం అన్నాడు. అతను పైలట్, అతనికి తెలుసు. అప్పుడు సూ ఏమంటుందంటే, కమ్యూనిస్టుల కంటే ముందు మనం వెళ్ళకపోతే ఎలా, నువ్వు పిరికివాడివని నేననుకోలేదు అన్నట్టు ఒక్క మాట విసురుతుంది. అంతే, రోషం పొడుచుకొచ్చి బెన్ నడపడానికి ఒప్పుకున్నాడు.

ఏమైంది? బెన్ చెప్పిందే అయింది. కిందపడ్డాక రీడ్‌కి ఒళ్ళు రబ్బరులా సాగడం వచ్చింది, సూకి మాయమవడం వచ్చింది, ఆమె తమ్ముడు జానీకి మంటై ఎగరడం వచ్చింది, ముగ్గురూ కావాలనుకుంటే మళ్ళీ మామూలు మనుషులైపోతారు. జాగ్రత్తగా ఉందాం అని చెప్పినవాడు మాత్రం జీవితాంతం రాయిగా మిగిలిపోయాడు. థింగ్ అన్న పేరు కూడా తను పెట్టుకున్నది కాదు, సూ భయంతో నోరుజారి అన్న మాట, దాన్నే పట్టుకుని "నన్నేమన్నావో అదే నేను" అన్నట్టు పేరుగా తగిలించుకున్నాడు. పక్కనే రీడ్ మాత్రం తనకి తాను మిస్టర్ ఫెంటాస్టిక్ అని పెట్టుకున్నాడు, అందరికీ కష్టం తెచ్చినవాడికి ఆ పేరు! నాకు రీడ్ అంటే గౌరవమే గానీ, ఆ ఒక్కచోట మాత్రం నవ్వొస్తుంది, మా ఆఫీసులో కూడా ఉండేవాళ్ళు అలాంటి సార్లు.

అసలు ఆ మొదటి సంచిక ఎత్తుగడే చూడండి. ఆకాశంలో పొగతో ఫెంటాస్టిక్ ఫోర్ అని అక్షరాలు లేస్తాయి, రీడ్ తుపాకీ పేల్చి పిలుస్తున్నాడన్నమాట. సూ అప్పుడు ఫ్రెండ్‌తో టీ తాగుతూ ఉంటుంది, ఉన్నపళంగా మాయమైపోతుంది. జానీ గ్యారేజీలో కారు బాగుచేసుకుంటూ ఉంటాడు, మంటై లేచేసరికి తన ముద్దుల కారే కరిగిపోతుంది. బెన్ బట్టల షాపులో ఉంటాడు, తన సైజు దొరక్క విసుక్కుంటూ. వీళ్ళు లోకాన్ని కాపాడేవాళ్ళు, ఇదీ వాళ్ళ ఎంట్రీ! టీ, కారు, చొక్కా సైజు. ముఖానికి ముసుగుల్లేవు, దొంగపేర్లతో దాక్కోవడాల్లేవు, మొదటి రెండు సంచికల్లో యూనిఫారం కూడా లేదు, మూడో సంచికలో వచ్చింది నీలం డ్రస్సు. 9వ సంచికలో అయితే దివాలా తీసి, అద్దె కట్టే దారి లేక సినిమాలో వేషాలేస్తాం అని హాలీవుడ్ పోతారు. వీళ్ళ దగ్గర డబ్బులుంటాయి కదా అని 1963లో స్పైడర్‌మ్యాన్ ఉద్యోగానికి వస్తాడు పాపం, వాడి మొదటి సంచికలోనే, తీరా జీతాల్లేవయ్యా ఇక్కడ అంటే అలిగి వెళ్ళిపోతాడు. నాకు చాలా ఇష్టం ఆ ముక్క.

అన్నట్టు మీ వ్యాసంలో "ప్రపంచంలోనే మొట్టమొదటి సూపర్‌హీరో టీం" అని కూడా ఉంది, అది తప్పండి. 1940లోనే జస్టిస్ సొసైటీ ఉంది, 1960లో పోటీ కంపెనీ టీం జస్టిస్ లీగ్ వచ్చింది, అసలు జస్టిస్ లీగ్ బాగా అమ్ముడవుతోందని పబ్లిషర్ మార్టిన్ గుడ్‌మ్యాన్ మనకీ ఒక టీం కావాలని అడిగాడని స్టాన్ లీయే చెప్పుకునేవాడు. జానీకున్న హ్యూమన్ టార్చ్ పేరు కూడా కొత్తది కాదు, 1939లో గుడ్‌మ్యాన్ కంపెనీలోనే కార్ల్ బర్గోస్ గీసిన మరమనిషి టార్చ్ ఒకడున్నాడు, జానీ ఆ పేరుకి వారసుడు. వీళ్ళలో కొత్తదనం ఏంటంటే, మొదటివాళ్ళు కావడం కాదు, కొట్లాడుకోవడం. జానీ బెన్ పడుకుంటే ఏదో ఆకతాయి పని చేస్తాడు, బెన్ లేచి గోడ పగలగొడతాడు, రీడ్ ల్యాబ్‌లో తలుపేసుకుంటాడు, సూ అందరి మధ్యా నలుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మా మనవడు ఈ నలుగురి బొమ్మ చూసి తాతయ్యా ఇందులో మట్టి, నిప్పు, గాలి, నీళ్ళు ఉన్నాయి కదా, ఐదోది ఏదీ అన్నాడు, బళ్ళో పంచభూతాలు చెప్పారట కొత్తగా. ఆకాశం ఏదని వాడు అడిగితే నేను పుస్తకం తీసి కిర్బీ గీసిన అంతరిక్షం చూపించాను, నల్లటి గుండ్రటి చుక్కలు గుంపులు గుంపులుగా బుసబుసా పొంగుతున్నట్టు ఉంటాయి, దాన్ని అభిమానులు కిర్బీ క్రాకిల్ అంటారు. శక్తి అన్నది కంటికి కనపడదు కదా, దాన్ని కనిపించేలా గీయడానికి ఆయన పట్టిన దారి అది, ఉట్టి చుక్కలు, బ్రష్షూ ఇంకూ. ఇంకోచోట అయితే గీయడం చాలక మేగజైన్లలోంచి ఫోటోలు కత్తిరించి అతికించి వింతలోకాలు తయారుచేశాడు. ఆ కాలంలో, కంప్యూటర్లూ గట్రా లేకుండా, నెలకి ఇన్నిన్ని పేజీలు. చెయ్యి ఎలా ఆడేదో!

సరే, అసలు విషయం. ఎవరు సృష్టించారు అన్న గొడవ. నేను స్టాన్ లీకి వ్యతిరేకం కాదండోయ్, ఆ మాట ముందే చెప్తున్నా. నాకు ఇంగ్లీషు కాస్త వచ్చాక అవే కథలు మళ్ళీ చదివితే బెన్ యాస, ఆ వెటకారం, ఏడుపు నవ్వులో దాచుకోవడం, ఆ మాటలు లీవే, అవి లేకపోతే బెన్ సగం బెన్. కానీ వాళ్ళు పనిచేసిన పద్ధతి తెలిస్తే మీ వ్యాసం అలా రాసేవారు కాదు. లీ పూర్తి స్క్రిప్టు రాసి ఇచ్చేవాడు కాదు. ఇద్దరూ కూర్చుని, లేదా ఫోన్లోనో, కథ టూకీగా అనుకునేవాళ్ళు, ఒక్కోసారి రెండు మూడు ముక్కలే, అంతే, కిర్బీ ఇంటికెళ్ళి బేస్‌మెంట్‌లో కూర్చుని పేజీలన్నీ గీసుకొచ్చేవాడు. ఎక్కడ ఏ సీను, ఎవరు ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, కొట్లాట ఎన్ని పేజీలు, కొత్త మనిషెవరు, అన్నీ ఆయనే, పేజీ అంచుల్లో ఇక్కడ ఇది జరుగుతోంది అని పెన్సిల్‌తో నోట్స్ కూడా రాసేవాడు. అప్పుడు లీ బుడగల్లో మాటలు నింపేవాడు. మా దగ్గరా అంతే కదండీ, సారు వచ్చి అక్కడో కల్వర్టు పెట్టవయ్యా అని పోతారు, ఎంత వెడల్పు, గోడ ఎంత మందం, నీళ్ళు ఎటు పోతాయి అన్నది మనం తేల్చుకుని గీస్తే, తర్వాత ఆయన నోట్స్ రాసి సంతకం పెడతారు.

దీనికి ఒక్క ఉదాహరణ చాలు, అది కూడా లీ స్వయంగా ఒప్పుకున్నదే. 1966లో 48వ సంచిక నుంచి 50 దాకా గెలాక్టస్ కథ నడిచింది, గ్రహాలనే తినేసే రాక్షసాకారం భూమి మీదకొస్తాడు. పేజీలు వచ్చాక లీ చూస్తే ఆకాశంలో సర్ఫింగ్ పలక మీద నిలబడి ఎగిరే వెండి మనిషొకడు కనపడ్డాడు. వీడెవడయ్యా అన్నాడు. అంతటివాడు వచ్చేటప్పుడు ముందు దారి చూసే దూత ఒకడుండాలి కదా అన్నాడు కిర్బీ. అదీ సిల్వర్ సర్ఫర్ పుట్టుక! ఎడిటర్‌కి తెలియకుండా ఆర్టిస్టు చేతిలోంచి వచ్చేశాడు, తర్వాత లీకి ఆ పాత్ర అంటే ఎంత ప్రేమంటే తనే మాటలు రాయాలని పట్టుబట్టేంత. ఇంకో రెండు సంచికలకి, జూలైలో, బ్లాక్ పాంథర్ అన్న హీరో వచ్చాడు. అంతకు ముందే 5వ సంచికలో విలన్ డాక్టర్ డూమ్. ఇవన్నీ ఒకే పుస్తకంలో, ఒకే జంట చేతుల్లో, 1 నుంచి 102 వరకూ విడవకుండా, 1970 దాకా. మన దగ్గర బాపు, రమణ అని ఒకే ఊపిరిలో అంటాం, ఒక పేరు వదిలేస్తే రెండో పేరే నోట్లో సరిగ్గా తిరగదు. అక్కడా అలాగే ఉండాలి మరి.

వాళ్ళ కథలోనే ఒక తమాషా ఉంది. 1965 యాన్యువల్‌లో రీడ్‌కీ సూకీ పెళ్ళి, విలన్లందరూ వచ్చి రచ్చరచ్చ చేస్తారు, చివర్లో లీ, కిర్బీ ఇద్దరూ కోట్లేసుకుని పెళ్ళికొస్తే పిలుపు లేదని గుమ్మంలోంచే పంపించేస్తారు. అక్కడ ఇద్దర్నీ సమానంగా గెంటారు, మీ వ్యాసంలో ఒకాయనకి పెళ్ళిభోజనం, రెండో ఆయన బయట!

బెన్ గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే కిర్బీ ఎవరో తెలియాలంటే బెన్‌ని చూస్తే చాలు. కిర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్జ్‌బర్గ్, 1917 ఆగస్టు 28న న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో పుట్టాడు, వలసొచ్చిన యూదుల కుటుంబం, నాన్న బట్టల ఫ్యాక్టరీలో పని, ఇరుకు ఇళ్ళు, వీధి గ్యాంగులతో రోజూ తన్నులాటలు. నాన్న పేరు బెంజమిన్. ఇప్పుడు బెన్ పూర్తి పేరు చూడండి, బెంజమిన్ జేకబ్ గ్రిమ్. బెన్ పెరిగింది యాన్సీ స్ట్రీట్, అది కిర్బీ పేటలోని డెలాన్సీ స్ట్రీట్‌కి మారుపేరు. పెద్దవాడై లోకాన్ని కాపాడినా ఆ యాన్సీ స్ట్రీట్ కుర్రాళ్ళు మాత్రం బెన్‌ని వదలరు, వెక్కిరింపు ఉత్తరాలూ పార్సిళ్ళూ పంపుతూనే ఉంటారు, వాళ్ళ ముఖాలు మనకి చూపించరు. బెన్ చుట్ట తాగుతాడు, కిర్బీ చుట్ట లేకుండా బోర్డు ముందు కూర్చోడు. బెన్ యుద్ధంలో చేశాడు, కిర్బీ 1944లో ఫ్రాన్స్‌లో కాల్బలంలో చేశాడు, చలికి కాళ్ళు చచ్చుబడి ఆస్పత్రి పాలయ్యాడు. థింగ్ మాట్లాడే తీరు, మసిలే తీరు నాదే అని ఆయనే చెప్పుకున్నాడు. తన ఇంటి హనుకా పండగ గ్రీటింగ్ కార్డు మీద బెన్‌కి యూదుల ప్రార్థన శాలువా కప్పి గీసుకున్నాడు కూడా. కామిక్‌లో బెన్ యూదుడని బయటికి చెప్పింది 2002లో, అప్పటికి కిర్బీ పోయి ఎనిమిదేళ్ళు.

అలాంటిది, బుర్ర లేని రాతిమనిషి!

1970లో ఆయన కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. తర్వాత తను గీసిన ఒరిజినల్ పేజీలు తనకివ్వమంటే ఏళ్ళ తరబడి తిప్పించుకున్నారు, మిగతా ఆర్టిస్టులకి చిన్న కాగితం మీద సంతకం చాలంది, ఆయనకి మాత్రం ప్రత్యేకంగా నాలుగు పేజీల షరతులు. 1987కి సుమారు 2 వేల పేజీలు చేతికొచ్చాయి, ఆయన వాళ్ళకి గీసిన దానిలో అది కొంత భాగమే. 1994లో పోయాడు. పిల్లలు హక్కులు మాకివ్వండని నోటీసులిస్తే కంపెనీ కోర్టుకెళ్ళింది, పిల్లలు కింద కోర్టులో ఓడిపోయారు, పైకోర్టులో కూడా, సుప్రీంకోర్టు కేసు తీసుకోవాలా వద్దా అని చూసే టైములో 2014 సెప్టెంబర్‌లో రాజీ కుదిరింది. ఆ తర్వాతే పుస్తకాల్లో, సినిమాల్లో ఆయన పేరు గట్టిగా పడటం మొదలైంది. మీరు వ్యాసం రాసిన ఆ 2025 సినిమాలోనే ఆ నలుగురుండే లోకానికి 828 అని నంబరు పెట్టారు, ఆగస్టు 28 కదా, ఆయన పుట్టినరోజు. సినిమా వాళ్ళే తలుచుకున్నారు, మన పేపరు తలుచుకోలేదు, ఇదండీ నా ఏడుపు.

ఉత్తరాల సంగతి కూడా చెప్పి ముగిస్తాను, మీకు పనికొస్తుంది. ఫెంటాస్టిక్ ఫోర్ పుస్తకంలో మూడో సంచిక నుంచే పాఠకుల ఉత్తరాల పేజీ ఉండేది. మొదట్లో అందరూ డియర్ ఎడిటర్ అని రాస్తుంటే, ఆ డియర్ ఎడిటర్ గోల వదిలేయండి, స్టాన్, జాక్ అని మా పేర్లతోనే రాయండి అని వాళ్ళే చెప్పారు. ఇద్దరి పేర్లూ, గమనించండి. సూ వల్ల టీంకి ఉపయోగమేంటి, తీసేయండి అని కొందరు రాస్తే 11వ సంచికలో ఆ ఉత్తరాలు చదివి సూ ఏడుస్తున్నట్టు కథే వేశారు, 1964 కల్లా ఆమెకి కనపడని గోడలు కట్టే శక్తి కూడా ఇచ్చారు, ఇవాళ నలుగురిలో అందరికంటే బలమైంది ఆమే అంటారు చాలామంది, 1985లో ఆమె పేరు ఇన్విజిబుల్ గర్ల్ పోయి ఇన్విజిబుల్ వుమన్ అయింది. ఇప్పుడు పెద్ద పెద్ద నవలలు రాసి లోకమంతా పేరున్న జార్జ్ మార్టిన్ మొదటిసారి అచ్చులో పేరు చూసుకుంది కూడా ఆ ఉత్తరాల పేజీలోనే, 1963లో 20వ సంచికలో, అప్పటికి స్కూలు కుర్రాడు. నేను 58 ఏళ్ళ వాణ్ణి, నాకు అలాంటి ఆశలేమీ లేవులెండి.

నేనడిగేది రెండు లైన్లు. వచ్చే ఆదివారం ఎక్కడో ఒక మూల, సవరణ అని పెట్టి, ఫెంటాస్టిక్ ఫోర్‌ని స్టాన్ లీ, జాక్ కిర్బీ కలిసి సృష్టించారు, పోయినవారం వేసిన బొమ్మ జాక్ కిర్బీ గీసింది అని వేయండి. చోటు లేకపోతే నా ఉత్తరం మొత్తం కోసేసి ఆ రెండు లైన్లే ఉంచండి, నేనేమీ అనుకోను. ఇంకోటి, మా మనవడు చెప్పమన్నాడు, మీరు వేసిన బొమ్మలో బెన్ ఎర్రగా వచ్చాడట, ప్రింటింగులో రంగు ఎక్కువైనట్టుంది, బెన్ ఎరుపు కాదండీ, నారింజ రంగు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
విజయవాడ